దెబ్బతిన్న విమానం: బాగుచేయించడం మేలా, వదులుకోవడం మేలా?

మామునూరు విమానాశ్రయానికి 2025లో కేంద్రం అనుమతి ఇచ్చినప్పటి నుంచి వరంగల్, హనుమకొండలలో విమానాల ముచ్చట పెరిగింది కనుక, ప్రమాదంలో దెబ్బతిన్న విమానాన్ని ఏం చేస్తారో కూడా తెలుసుకోవడం మంచిది. లెక్క ఆటోనగర్‌లో లారీకి కట్టే లెక్కలాంటిదే. మరమ్మతు ఖర్చు బీమా ఒప్పందంలో రాసుకున్న విలువకు చేరువైతే, బీమా సంస్థ దానిని టోటల్ లాస్‌గా, అంటే బాగుచేయించడం గిట్టని పూర్తి నష్టంగా తేల్చి, సొమ్ము చెల్లించి, మిగిలినదాన్ని తన స్వాధీనంలోకి తీసుకుంటుంది. టోటల్ లాస్ అన్నంత మాత్రాన విమానం తునకలైందని కాదు. 2008 జనవరిలో లండన్ హీత్రోలో రన్‌వేకు ముందే నేలను తాకిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 777లో ఎవరూ చనిపోలేదు, దానికి ఏడేళ్లు కూడా నిండలేదు; అయినా దానిని వదులుకున్నారు.

బాగుచేయించినవీ ఉన్నాయి. 2010 నవంబరులో సింగపూర్ నుంచి బయలుదేరిన క్వాంటాస్ సంస్థ ఏ380 విమానం ఇంజిన్ గాలిలోనే పగిలి, ముక్కలు రెక్కను చీల్చాయి. మరమ్మతుకు దాదాపు 13.9 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు పట్టినా, రెండేళ్ల కొత్త విమానం కాబట్టి ఆ ఖర్చు గిట్టింది. 2012లో అది మళ్లీ ఎగిరింది. 1983లో ఇంధనం అయిపోయి కెనడాలోని గిమ్లీలో దిగిన బోయింగ్ 767 అయితే 2008 వరకు పనిచేసింది.

నా దృష్టిలో మాత్రం డబ్బు కన్నా ముందు చూడవలసింది దెబ్బ ఎక్కడ తగిలిందన్నది. ఇంజిన్‌ను, చక్రాల గేర్‌ను విప్పి కొత్తవి బిగించవచ్చు. ప్రయాణికులు కూర్చునే గొట్టంలాంటి భాగం అలా కాదు. ప్రతి ప్రయాణంలోనూ లోపలి గాలి ఒత్తిడికి ఉబ్బి, దిగాక సడలుతుంది, అతుకు సరిగా లేకపోతే అక్కడి పగులు కంటికి కనబడకుండా పెరుగుతూ పోతుంది. 1978లో ఒసాకాలో తోక నేలకు తగిలిన జపాన్ ఎయిర్‌లైన్స్ 747కు వెనుక పీడన గోడను, అంటే లోపలి గాలి ఒత్తిడిని తోక వైపు ఆపే గోడను, బాగుచేసేటప్పుడు అతుకు పలకను రెండుగా కోసి వేయడంతో, రెండు వరుసల రివిట్లు మోయవలసిన భారం ఒకే వరుసపై పడింది. ఏడేళ్లకు, 1985 ఆగస్టు 12న, ఆ గోడ పగిలి 520 మంది మరణించారు. చైనా ఎయిర్‌లైన్స్ 747 కథ ఇంకా దీర్ఘమైనది: 1980లో హాంకాంగ్‌లో తోకకు తగిలిన దెబ్బపై గీతలను తొలగించకుండానే పైన రేకు వేశారు, 2002లో అది గాలిలో విడిపోయి 225 మంది పోయారు.

అందుచేత పాతబడిన విమానానికి ఈ భాగంలో పెద్ద దెబ్బ తగిలితే, మరమ్మతు చౌకగా వచ్చినా వదులుకోవడమే మేలు. చెక్కుచెదరని ఇంజిన్లకు, పరికరాలకు, తనిఖీ జరిగి, తొలి నాటి నుంచి రికార్డులు సరిగా ఉంటే, మంచి ధరే పలుకుతుంది. కాగితం లేని భాగం ఎంత బాగున్నా తుక్కు కిందే లెక్క.

స్థలం కూడా లెక్కలోకి వస్తుంది. పెద్ద మరమ్మతు హ్యాంగర్లు శంషాబాద్‌లో ఉన్నాయి. రేపు మామునూరులో ఒక విమానం రన్‌వే దాటిపోతే, తాత్కాలిక మరమ్మతుతో అక్కడిదాకా ఎగిరి వెళ్లగలదా, లేక రెక్కలు విప్పి రోడ్డు మీద తరలించాలా అన్న ఒక్క ప్రశ్నే లెక్కను అటో ఇటో తిప్పివేయగలదు.