స్ప్రెయినా, స్ట్రెయినా?

ఆటలో కాలికి ఏమైనా మనం "బెణికింది" అనేస్తాం. డాక్టర్ చీటీలో మాత్రం ఒక్క అక్షరం తేడాతో రెండు మాటలుంటాయి.

స్ప్రెయిన్: ఎముకల్ని కలిపే లిగమెంట్ సాగడం లేదా చిరగడం. ఎక్కువగా చీలమండలో. వాపు, కమిలిన మచ్చ. పూర్తిగా మానకముందే ఆడితే అదే కీలు మళ్లీ మళ్లీ మెలికపడుతుంది.

స్ట్రెయిన్: కండరం లేదా దాన్ని ఎముకకి కలిపే టెండన్ దెబ్బతినడం. ఫాస్ట్ బౌలర్ల హామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) బాధ ఇదే. వైరస్ స్ట్రెయిన్‌తో దీనికి సంబంధం లేదు, అక్కడ అర్థం రకం.

మొదట్లో చికిత్స రెండింటికీ ఒకటే: విశ్రాంతి, గుడ్డలో చుట్టిన ఐసు 15-20 నిమిషాలు, క్రేప్ బ్యాండేజీ.

పాదం మడతపడి కీలు వాచిందా? బహుశా స్ప్రెయిన్. పరుగులో తొడ వెనక చటుక్కున పట్టేసిందా? స్ట్రెయిన్ కావచ్చు. చీలమండ దెబ్బతో నాలుగడుగులు కూడా వేయలేకపోతే డాక్టర్‌కి చూపించి ఎక్స్‌రే తీయించుకోండి.