రోజూ ఫోన్‌కొచ్చే తెలుగు, జీకే బిట్లు: రెండేళ్ళ వాడకం తర్వాత

మాది చంద్రగిరి. తిరుపతిలో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్తాను, పక్కన ప్రభుత్వ టీచర్ ఉద్యోగాల పరీక్ష డీఎస్సీకి చదువుతున్నాను. టెలిగ్రామ్‌లో రోజూ పొద్దున బిట్లు, అంటే ఒక్క మాటలో జవాబు చెప్పే చిన్న ప్రశ్నలు, పెట్టే ఒక ఛానెల్‌లో చేరి రెండేళ్ళు దాటింది. పదజాలం, వ్యాకరణం, చరిత్ర, జనరల్ నాలెడ్జి, అన్నీ కలిపి పెడతారు. చేరాలా వద్దా అని స్టాఫ్ రూంలో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు కాబట్టి రాస్తున్నాను. పేరు చెప్పను. ఇలాంటివి చాలా ఉన్నాయి, అన్నీ ఇంచుమించు ఒకటే తీరు.

పదజాలం వరకు నాకు బాగా పనికొచ్చింది. ప్రకృతి వికృతులు, నానార్థాలు, పర్యాయపదాలు ఒక్కసారి కూర్చుని వంద చదివితే సాయంత్రానికి పది కూడా గుర్తుండవు. బస్సులో నాలుగు చూసుకుంటే అవి నిలుస్తాయి. భక్తికి బత్తి, ముఖానికి మొగం, అగ్నికి అగ్గి. వికృతులు చాలావరకు మా అవ్వ రోజూ మాట్లాడే మాటలే, అందుకే పిల్లలకు చెప్పడం కూడా తేలిక. కరము అంటే చేయి, కిరణం, తొండం, పన్ను అని ప్రేయర్‌లో చెప్పిస్తే, వెనక వరసలో నుంచి ఒకడు 'ఏ పన్ను సార్, పంటి పన్నా, ఇంటి పన్నా' అన్నాడు. మంచి ప్రశ్నే, బిట్టు తయారుచేసినవాళ్ళకు తట్టలేదు.

వ్యాకరణం దగ్గరికొస్తే నాకు పేచీ ఉంది. రామాలయం ఏ సంధి అని ఒకరోజు అడుగుతారు, సవర్ణదీర్ఘం. ఇంకెప్పుడో రామయ్య అడుగుతారు, అత్వ సంధి. రెండూ కరెక్టే. కానీ ఆ రెండింటినీ పక్కపక్కన ఒక్కరోజు కూడా పెట్టలేదు. అసలు పాఠం అక్కడే ఉంది. రెండింటిలోనూ మొదటి పదం రామ, తర్వాత వచ్చేది అ గానీ ఆ గానీ. ఆలయం సంస్కృత పదం కాబట్టి రెండు అచ్చులూ కలిసి దీర్ఘమైంది. అయ్య తెలుగు పదం కాబట్టి రామలోని అకారం లోపించింది. సీతమ్మ, మేనల్లుడు కూడా అంతే. ఈ తేడా పట్టుబడితే కొత్త పదం ఇచ్చినా విడదీస్తారు. పట్టుబడకపోతే రామాలయం, దేవాలయం, విద్యాలయం అని బట్టీ కొట్టి, పరీక్షలో ఇంకో మాట కనపడగానే టెన్షన్ పడతారు. బిట్ల మీదే ఆధారపడిన మా ఫ్రెండ్స్ కొందరి పరిస్థితి ఇదే.

వివరణ ఇవ్వరా అంటే ఇస్తారు, బల్బు బొమ్మ నొక్కితే వస్తుంది. కానీ టెలిగ్రామ్‌లో ఆప్షన్ నొక్కి జవాబు చెప్పే క్విజ్ పోల్‌లో వివరణకు 200 క్యారెక్టర్లే పడతాయి. తెలుగులో ఒత్తులు, గుణింతాలు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. స్త్రీ అన్న ఒక్క అక్షరానికే ఆరు పోతాయి. ఇక సూత్రం రాసి, ఉదాహరణ ఇచ్చి, కారణం చెప్పడానికి చోటెక్కడ? అవసరమైతే కింద ఇంకో మెసేజ్ పెట్టొచ్చు, పెట్టరు.

చరిత్ర బిట్లు మాత్రం ఏదీ గుడ్డిగా నమ్మకండి. మా ఊరి మీదే ఒకటి వచ్చింది: 1639లో ఇంగ్లీషువాళ్ళకు మద్రాసు స్థలం ఇచ్చిన చంద్రగిరి రాజు ఎవరు? జవాబు మూడో శ్రీరంగరాయలు అని పెట్టారు. ఆయన గద్దెనెక్కిందే 1642లో. 1639లో రాజు వెంకటపతిరాయలు, పట్టా ఇచ్చింది ఆయన కింద ఉన్న దామర్ల నాయకుడు. శ్రీరంగరాయలు 1645లో దాన్ని ఖాయం చేశాడు, గందరగోళమంతా అక్కడ మొదలైంది. అడ్మిన్‌కు మెసేజ్ పెడితే మర్నాటికి తీసేశారు. సరైన జవాబు మాత్రం పెట్టలేదు, నెలాఖరు పీడీఎఫ్‌లో పాతదే మళ్ళీ వచ్చింది. జిల్లాల సంగతీ ఇంతే. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యి, తిరుపతి విడిగా జిల్లా అయింది. మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్ళిపోయింది. అయినా మదనపల్లె ఏ జిల్లా అంటే చిత్తూరు అనే జవాబుతో పాత బిట్లు తిరుగుతూనే ఉన్నాయి. అదే మదనపల్లెలో 1919లో టాగూర్ జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించారన్న బిట్టు మాత్రం ఏడాదికి నాలుగైదుసార్లు వస్తుంది.

జీకేలో ఒక్క బిట్టు కోసం మాత్రం వాళ్ళకు థాంక్స్ చెప్పాలి. తిరుమల ఘాట్ రోడ్డులో కనిపించే ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ జాతీయ భూగర్భ వారసత్వ స్థలం అని. చిన్నప్పటి నుంచీ ఆ దారిన పోతూనే ఉన్నాం, బోర్డు ఉన్నా ఎవరు చదివారు? కింద పాత గ్రానైట్, దాని మీద ఎంతో తర్వాత పేరుకున్న క్వార్ట్‌జైట్. రెండింటి మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ళ కాలం రాళ్ళలో కనిపించకుండా పోయింది. తర్వాత పిల్లల్ని శిలాతోరణం చూపించడానికి తీసుకెళ్ళినప్పుడు బస్సు కిటికీలోంచి ఆ రెండు రాళ్ళూ కలిసే గీత చూపించాను. గోవింద నామాల మధ్యలో నా భూగర్భశాస్త్రం ఎంతమందికి వినపడిందో మరి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చిందంటే కోచింగ్ ప్రకటనలు బిట్లకంటే ఎక్కువైపోతాయి, మ్యూట్ చేసుకోండి. క్విజ్‌లో ఒకసారి నొక్కాక మళ్ళీ ప్రయత్నించడానికి ఉండదు కాబట్టి రివిజన్‌కు పనికిరాదు. నేను నోట్‌బుక్‌లో ప్రశ్న ఒక పేజీలో, జవాబు వెనక పేజీలో రాసుకుంటాను. నాకు ఉద్యోగం ఇంకా రాలేదు, ఆ నేరం ఛానెల్‌ది కాదులెండి.

డబ్బు కట్టి చేరే వీఐపీ గ్రూపు కూడా ఉంది. ఒక ఏడాది కట్టి చూశాను. ఉచితంగా వచ్చిన బిట్లనే సబ్జెక్టువారీగా సర్ది ఇస్తారు, తప్పులతో సహా. ఆ డబ్బుతో పాత ప్రశ్నపత్రాల పుస్తకం కొనుక్కోండి.