పదమూడేళ్ల ల్యాప్‌టాప్ మీద డెబియన్ 12: రెండు నెలలు బ్రేక్ మీద ఉన్న కాలు నాదే

2010లో కొన్న ల్యాప్‌టాప్ ఇది. కంపెనీ పేరు, గ్రాఫిక్స్ చిప్ పేరు చెప్పను. ఈ వయసులో వాటిని నిలదీయడం న్యాయం కాదు. 64 బిట్ ప్రాసెసర్, రెండేసి జీబీల ర్యామ్ ముక్కలు రెండు, విడిగా కార్డు లేకుండా బోర్డు మీదే ఉన్న గ్రాఫిక్స్, 1366 బై 768 తెర. ఇంట్లో కూర్చుని ప్రూఫులు దిద్దుకోవడానికీ సాయంత్రం ఒక వీడియో చూసుకోవడానికీ నాకు చాలు. మా తమ్ముడు మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా "అక్కా, దానికి ఇంకా రిటైర్మెంట్ ఇవ్వలేదా నువ్వు?" అంటాడు.

దీని మీద 2023లో డెబియన్ 12 (విండోస్‌కి బదులు వాడే లినక్స్ సిస్టమ్‌లలో ఒకటి) వేశాను, తేలికపాటి ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌తో. ఎంత ర్యామ్ తింటుంది, ఎన్ని సెకన్లలో లేస్తుంది అనే లెక్కలు చాలామంది రాశారు. నేను తెర గురించే రాస్తాను. పాత మెషీన్‌లో లినక్స్ వేసుకున్నవాళ్లని ముందు ఏడిపించేది అదే.

కథ అంతకుముందు వేసిన డెబియన్ 11తో మొదలైంది. ఇన్‌స్టాల్ సాఫీగా అయింది, రీస్టార్ట్ చేస్తే నల్ల తెర. మూలన ఒక గీత మిణుకుమిణుకుమంటోంది, అంతే. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే ఉత్త అక్షరాల తెర వచ్చింది. ప్రాణం పోలేదన్నమాట, బొమ్మ గీసే భాగం ఒక్కటే లేవలేదు. లాగిన్ అయి కెర్నెల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) సందేశాలు చూస్తే ఎర్ర అక్షరాల్లో ఉంది: ఫర్మ్‌వేర్ లోడ్ కాలేదని. చాలా గ్రాఫిక్స్ చిప్‌లకు డ్రైవర్ ఒక్కటే చాలదు, తయారీదారు ఇచ్చే చిన్న ఫర్మ్‌వేర్ ఫైలు కూడా కావాలి. దానికి సోర్స్ కోడ్ ఉండదు కాబట్టి అప్పటి అధికారిక ఇన్‌స్టాలర్‌లో పెట్టేవాళ్లు కాదు. 2022లో డెబియన్ సభ్యులు ఓటేసి ఆ పట్టు సడలించారు. 12 నుంచి ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌లోనే వస్తుంది, ఏ చిప్‌కి ఏది కావాలో అదే చూసుకుని వేస్తుంది. పాత మెషీన్ ఉన్నవాళ్లకి 12లో అన్నిటికంటే పెద్ద మార్పు ఇదేనంటాను నేను.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. డెబియన్ 11 వాడిన కాలంలో నాకు తెలిసిన మందు ఒక్కటే, నోమోడ్‌సెట్ (nomodeset). కంప్యూటర్ లేచేటప్పుడు ముందుగా వచ్చే గ్రబ్ అనే మెనూలో ఇంగ్లీషు e అక్షరం నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరుస చివర నోమోడ్‌సెట్ అన్న మాట చేర్చి, ఎఫ్10 నొక్కాలి. అప్పుడు కెర్నెల్ గ్రాఫిక్స్ చిప్ జోలికి పోకుండా, బయాస్ ఇచ్చిన మామూలు తెరతోనే సరిపెట్టుకుంటుంది. అలా చేర్చింది ఆ ఒక్కసారికే పనిచేస్తుంది. నల్ల తెరలో ఇరుక్కున్నవాళ్లు బయటపడటానికి మంచి నిచ్చెన. ఎక్కి దిగిపోవాలి. నేను దాని మీదే కాపురం పెట్టాను.

ఎలాగంటే, 12 వేసేటప్పుడు పాత భయం కొద్దీ ఇన్‌స్టాలర్ మొదలయ్యే చోటే వరుస చివర నోమోడ్‌సెట్ రాసేశాను. ఆ వరుసలో మూడు చిన్న గీతలు ఉంటాయి. వాటి తర్వాత ఏం రాసినా, ఇన్‌స్టాల్ అయ్యాక ఆ సిస్టమ్ గ్రబ్ సెట్టింగుల్లోకి కూడా వెళ్లి కూర్చుంటుంది. డెబియన్ మాన్యువల్‌లో ఈ సంగతి రాసే ఉంది. చదివితే కదా.

దాంతో రెండు నెలలు నరకం. తెర 1024 బై 768లో ఇరుక్కుని అక్షరాలు అడ్డంగా సాగి లావుగా కనిపించేవి. వెలుతురు తగ్గించే మీటలు పనిచేయవు. మూత మూసి తెరిస్తే మళ్లీ నల్ల తెర. వీడియో పెడితే ఫ్యాన్ హోరు, బొమ్మ నత్తనడక. "ముసలిదైపోయింది" అని దాన్నే తిట్టుకున్నాను. తమ్ముడి మాటే నిజమేమో అనిపించిన రోజులవి.

ఒక రాత్రి విసుగెత్తి మెసా-యుటిల్స్ ప్యాకేజీ వేసి, అందులోని జీఎల్‌ఎక్స్‌ఇన్ఫో అనే కమాండ్ కొట్టి చూశాను. రెండరర్, అంటే బొమ్మ గీసేది, అన్న చోట చిప్ పేరు ఉండాలి. ఎల్‌ఎల్‌వీఎమ్‌పైప్ అని ఉంది. బొమ్మలన్నీ గ్రాఫిక్స్ చిప్‌ని పక్కన కూర్చోబెట్టి ప్రాసెసరే గీస్తోందని దాని అర్థం. ఈటీసీ కింద డిఫాల్ట్ ఫోల్డర్‌లో గ్రబ్ ఫైలు తెరిస్తే, దొంగ అక్కడే ఉన్నాడు, నేను రాసిన మాటే. తీసేసి అప్‌డేట్-గ్రబ్ కొట్టి రీస్టార్ట్ చేశాను. తెర నిండా సన్నటి అక్షరాలు, మీటలకి పలికే వెలుతురు, నిశ్శబ్దంగా ఫ్యాన్. కాసేపు ఊరికే తెర మీది విండోలు అటూ ఇటూ లాగుతూ కూర్చున్నాను.

మీ మెషీన్ నిదానంగా ఉంటే డెస్క్‌టాప్ మార్చడానికి, డిస్ట్రో (లినక్స్ రకం) మార్చడానికి ముందు ఆ ఒక్క వరుస చూడండి.

తర్వాతి వారం ఇంకో గొడవ. తెర మీద అక్కడక్కడా రంగురంగుల చుక్కలు. డ్రైవరే అనుకుని పాత కెర్నెల్‌తో లేపి చూశాను, తేడా లేదు. అప్పుడు స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌కి పంపుకున్నాను. ఫోన్‌లోనూ చుక్కలు ఉన్నాయి. చుక్కలు స్క్రీన్‌షాట్‌లో పడ్డాయంటే తెరా దాని కేబులూ బాగానే ఉన్నట్టు, తేడా ఇంకా లోపల ఉంది. బోర్డు మీది గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌లోనే కొంత వాడుకుంటుంది. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ వేసి పడుకుంటే తెల్లారేసరికి తెర నిండా తప్పులు. ఒక్కో ముక్కా తీసి విడివిడిగా పరీక్షిస్తే ఒకటి పాడైందని తేలింది. అది మార్చాక చుక్కలు పోయాయి. దీనికి డెబియన్‌ని తిట్టి ఉంటే నా నోరు కడుక్కోవాల్సి వచ్చేది.

చిన్న చిరాకు ఒకటి. పేజీ వేగంగా జరిపినా వీడియో చూసినా మధ్యలో అడ్డంగా చిరిగినట్టు కనిపించేది. విండో మేనేజర్ (తెర మీది విండోలని నడిపే భాగం) సెట్టింగుల్లో వీబ్లాంక్ మోడ్‌ని జీఎల్‌ఎక్స్‌కి మార్చితే నా మెషీన్‌లో తగ్గింది. ఆ మీట మామూలు సెట్టింగుల తెరలో కనపడదు, సెట్టింగ్స్ ఎడిటర్‌లోకి దిగాలి. కొత్తవాళ్లకి ఇది చెప్పేవాళ్లు లేకపోతే దొరకదు.

డెబియన్ 12 ఎవరికి నప్పుతుంది? లాగ్, అంటే సిస్టమ్ రాసిపెట్టుకునే చిట్టా, చదివే ఓపిక ఉన్నవాళ్లకి. నల్ల తెర ముందు కూడా జర్నల్‌సీటీఎల్ అనే కమాండ్‌ని అడిగితే కిందటిసారి ఎక్కడ ఆగిందో వరుసగా చెప్పేస్తుంది. ఇంగ్లీషులో, కాస్త మొరటుగా చెప్తుంది, కానీ దాచదు. నాకు ఇందులో నచ్చింది అదే. 32 బిట్ మెషీన్ ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: 2025లో వచ్చిన 13కి 32 బిట్ పీసీల ఇన్‌స్టాలర్ లేదు, అలాంటి వాటికి 12తో ఆగాల్సిందే.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటి చిరుగుల సెట్టింగు కోసం తవ్వుకున్న ఆదివారానికి కోత. వీడియోల విషయంలో మాత్రం మార్కు తీయను. వీపీ9, ఏవీ1 లాంటి కొత్త పద్ధతుల వీడియోని విప్పే ఏర్పాటు 2010 నాటి చిప్‌లో లేదు, ఏ సిస్టమ్ వేసినా ఆ భారం ప్రాసెసర్‌దే. అందుకని వీడియో నాణ్యత 720పీ దగ్గరే ఆగుతున్నాను. ఫ్యాన్ కూడా అక్కడి దాకా ఊరుకుంటుంది.