క్వార్టర్‌బ్యాక్ పుకార్లకు చందా కట్టవచ్చునా?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఏటా ఏప్రిల్ చివర జరిగే ఆటగాళ్ల ఎంపికను, అంటే డ్రాఫ్ట్‌ను, మన దేశంలో ఉండి అనుసరించాలనుకునేవారికి చందా కట్టి చదువుకొనే వార్తా సేవలు ఇప్పుడు చాలానే దొరుకుతున్నాయి. అలాంటి ఒక అమెరికా సేవను భీమవరంలో 2025 డ్రాఫ్ట్ కాలమంతా వాడిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను. సంస్థ పేరు ఇవ్వడం లేదు. ఈ తరహా సేవలన్నీ ఇంచుమించు ఒకే అచ్చులో నడుస్తున్నాయి కాబట్టి ఇక్కడ చెప్పే మంచిచెడ్డలు మిగతావాటికీ చాలావరకు వర్తిస్తాయి. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఆటగాళ్ల వివరాల పుటలూ, జట్ల జీతాల లెక్కలూ కట్టిన డబ్బుకు మించిన విలువ చేస్తాయి. ‘ఫలానా జట్టు ఫలానా క్వార్టర్‌బ్యాక్‌పై (దాడిని నడిపే ఆటగాడిపై) కన్నేసింది’ అంటూ వేళాపాళా లేకుండా ఫోనుకు వచ్చే కబుర్లు మాత్రం, ఇప్పుడున్న రూపంలో, చదువరికి మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తున్నాయి.

గోదావరి డెల్టాలో ఈ ఆటకు చదువరులు ఎక్కడున్నారని ఎవరైనా అడగవచ్చు. పిల్లలు డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో స్థిరపడిన ఇళ్లు భీమవరం, తణుకు, అమలాపురం, కాకినాడల్లో వీధికి కొన్ని ఉంటాయి. వారానికోసారి ఫోనులో మాట్లాడుకొనే కబుర్లలో అక్కడి ఆట కూడా వచ్చి చేరుతుంది. నేను ఈ ఆటను పట్టించుకోవడం మొదలైంది కూడా డాలస్‌లో ఉన్న మా మేనల్లుడి వల్లనే. అటువంటివారికి సరైన సమాచారం అందించే సేవ అవసరం ఉంది.

కొత్తవారి కోసం రెండు మాటలు. అక్కడి వృత్తి ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 32 జట్లు ఉన్నాయి. కిందటి ఏడాది వెనుకబడిన జట్టుకు ముందుగా అవకాశం వచ్చేలా, కళాశాలల నుంచి వచ్చే ఆటగాళ్లను 7 రౌండ్లలో ఎంచుకుంటారు. క్వార్టర్‌బ్యాక్ అంటే ప్రతి దాడిలోనూ బంతిని చేతబట్టి, ఎవరికి విసరాలో రెండు మూడు సెకన్లలో తేల్చుకోవలసిన మనిషి. మంచి క్వార్టర్‌బ్యాక్ దొరికిన జట్టు పదేళ్లపాటు నిశ్చింతగా ఉండవచ్చు. దొరకని జట్టు కోచ్‌లనూ మేనేజర్లనూ మారుస్తూ కాలం గడపవలసి వస్తుంది. అందుకే డ్రాఫ్ట్ పుకార్లలో అత్యధికం ఈ ఒక్క స్థానం చుట్టూనే పుడతాయి.

ముందుగా ఈ సేవలో నాకు నచ్చినదాని గురించి. ప్రతి ఆటగాడికీ ఒక ప్రత్యేకమైన పుట ఉంటుంది. ఫిబ్రవరి చివర ఇండియానాపోలిస్‌లో మొదలయ్యే కంబైన్ అనే పరీక్షలలో తీసుకున్న ఎత్తు, బరువు, అరచేతి కొలత, ఆ తరవాత కళాశాల ప్రాంగణంలో జరిపే ప్రో డే ప్రదర్శన, కళాశాల ఆటల గణాంకాలు, వాటి కింద ఆటతీరుపై విశ్లేషకుడి వ్యాఖ్య వరుసగా కనిపిస్తాయి. 2025లో అందరి నోళ్లలోనూ నానిన కొలరాడో క్వార్టర్‌బ్యాక్ షెదూర్ శాండర్స్ పుటను నేను పలుమార్లు చదివాను. 2024 సీజన్‌లో అతడు విసిరిన బంతుల్లో 74 శాతం గురి చేరాయని, 4,134 యార్డులు (బంతిని ముందుకు చేర్చిన దూరం), 37 టచ్‌డౌన్లు (బంతిని చివరి గీత దాటించి తెచ్చే స్కోర్లు) సాధించాడని పైన అంకెలు ఉన్నాయి. వాటి కిందనే, ఒత్తిడి వచ్చినప్పుడు బంతిని వదిలించుకోకుండా వెనక్కి వెనక్కి పరుగెత్తి పడిపోతున్నాడని, విసురులో గురి ఉన్నంతగా వేగం లేదని విశ్లేషకుడు ఉదాహరణలతో రాశాడు. తండ్రి డియాన్ శాండర్స్ ఆటగాడిగా హాల్ ఆఫ్ ఫేమ్‌కు, అంటే మేటి ఆటగాళ్ల గౌరవ జాబితాకు, ఎక్కినవాడు, కళాశాలలో కొడుకుకు కోచ్‌గా ఉన్నవాడు కూడా. అయినా ఆ పేరు వెలుగు కొడుకు ఆట మీద పడకుండా రాసిన వ్యాఖ్య అది. ఆ పుటను శ్రద్ధగా చదివినవారికి, తరవాత డ్రాఫ్ట్‌లో అతడు అంత కిందికి ఎందుకు జారాడో కొంతైనా అర్థమై ఉంటుంది.

జీతాల పట్టిక అంతకన్నా గొప్పది. జట్లు క్వార్టర్‌బ్యాక్ కోసం ఎందుకు అంతగా తెగిస్తాయో ఆ పట్టిక చూస్తే గాని తెలియదు. 2010లో మొదటి ఎంపికగా వచ్చిన క్వార్టర్‌బ్యాక్ శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు ఆరేళ్లకు 7.8 కోట్ల డాలర్ల ఒప్పందం దక్కింది. అందులో 5 కోట్లు హామీ సొమ్ము. మరుసటి ఏడాది డ్రాఫ్ట్‌లో వచ్చే కొత్తవారి జీతాలకు కొత్త కొలమానం పెట్టడంతో, అదే స్థానంలో ఎంపికైన కామ్ న్యూటన్‌కు నాలుగేళ్లకు 2.2 కోట్లే వచ్చాయి. మరోవైపు పేరు తెచ్చుకున్న క్వార్టర్‌బ్యాక్ ధర పెరుగుతూనే పోయింది. 2024లో డాలస్ జట్టు డాక్ ప్రెస్కాట్‌కు ఏడాదికి 6 కోట్ల డాలర్ల చొప్పున రాసిచ్చింది. అంటే డ్రాఫ్ట్‌లో మంచి కుర్రవాడు దొరికితే నాలుగేళ్లపాటు చౌకగా ఆడతాడు, మిగిలిన సొమ్ముతో మిగతా జట్టును కట్టుకోవచ్చు. ఈ లెక్కను జట్టువారీగా, ఏ ఆటగాడి ఒప్పందం ఎప్పుడు ముగుస్తుందో సహా ఈ సేవ చూపిస్తుంది. ఒక జట్టుకు క్వార్టర్‌బ్యాక్ అవసరం నిజంగా ఉందా లేదా అన్నది తేల్చుకోవడానికి వంద పుకార్ల కన్నా ఈ ఒక్క పట్టిక మేలు.

ఇక కబుర్ల విభాగం. అక్కడి పగలు మనకు రాత్రి కావడం వల్ల ఇవి ఎక్కువగా రాత్రి పదింటికీ తెల్లవారుజాముకూ మధ్య వచ్చి పడతాయి. వాటి మాటతీరు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. ‘ఫలానా జట్టుకు ఆ కుర్రవాడంటే చాలా ఇష్టమని విన్నాం’, ‘మొదటి రౌండ్ దాటి అతడు కిందికి రాడని లీగ్‌లో అనుకుంటున్నారు’. విన్నది ఎవరి నోట? అనుకుంటున్నది ఎవరు? ఈ రెండు ప్రశ్నలకు జవాబు ఏ కబురులోనూ ఉండదు. పేరు చెప్పలేని పరిస్థితి విలేకరికి ఉండవచ్చు, దాన్ని నేను తప్పుపట్టను. కాని చెప్పినవాడు ఆటగాడి ఏజెంటా, ఆ జట్టు మనిషా, పోటీ జట్టు మనిషా అన్నంత వరకైనా చెప్పకపోతే ఆ కబురుతో చదువరి ఏం చేసుకోవాలి?

మా వైపు రొయ్యల సాగు చేసేవారికి ఈ సంగతి బాగా తెలుసు. రేపటి నుంచి వంద కౌంటు (కిలోకు వంద తూగే) రొయ్యల ధర పడిపోతుందట అన్న మాట చెరువు గట్ల మీద పాకిన రోజున, అనుభవమున్న రైతు కంగారుపడి చెరువులో రొయ్యలు పట్టించెయ్యడు. ‘ఈ మాట ఎవరు పుట్టించారండీ, కొనేవాళ్లా, అమ్మేవాళ్లా?’ అని ముందు ఆరా తీస్తాడు. డ్రాఫ్ట్ పుకారుకు కూడా ముందు అడగవలసిన ప్రశ్న అదే. తన ఆటగాడిని పలు జట్లు కోరుకుంటున్నాయని అనిపించడం ఏజెంటుకు లాభం. పై స్థానంలో ఉండి ఆ స్థానాన్ని మరో జట్టుకు మార్చుకోవాలనుకునే జట్టుకు, ఆ ఆటగాడి కోసం పోటీ ఉన్నదన్న మాట లాభం. నిజంగా కావాలనుకునే జట్టుకు మాత్రం నోరు మూసుకోవడమే లాభం. ఈ ముగ్గురిలో ఎవరి మాట వింటున్నామో తెలియనప్పుడు ‘ఆసక్తి’ అన్న మాటకు అర్థం ఉండదు.

2025లో ఏం జరిగిందో చూడండి. ఏప్రిల్ నెలంతా శాండర్స్ పేరు న్యూయార్క్ జెయింట్స్, న్యూ ఆర్లియన్స్ సెయింట్స్, పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్లతో ముడిపడి తిరిగింది. జెయింట్స్ మూడో స్థానంలో రక్షణ ఆటగాడు అబ్దుల్ కార్టర్‌ను తీసుకుంది. ఆ తరవాత హ్యూస్టన్ జట్టు నుంచి 25వ స్థానం సంపాదించి జాక్సన్ డార్ట్ అనే మరో క్వార్టర్‌బ్యాక్‌ను ఎంచుకుంది. అంటే క్వార్టర్‌బ్యాక్ కావాలన్న మాట నిజమే, మనిషే వేరు. సెయింట్స్ రెండో రౌండ్‌లో టైలర్ షఫ్ అనే ఇంకో క్వార్టర్‌బ్యాక్‌ను తీసుకుంది. పిట్స్‌బర్గ్ 21వ స్థానంలో డెరిక్ హార్మన్‌ను తీసుకుంది, అతడు క్వార్టర్‌బ్యాక్ కాడు. శాండర్స్ అయిదో రౌండ్‌లో 144వ ఆటగాడిగా క్లీవ్‌లాండ్ చేతికి వెళ్లాడు. అప్పటికి అతడి కన్నా ముందు అయిదుగురు క్వార్టర్‌బ్యాక్‌లు ఎంపికై ఉన్నారు. వారిలో డిల్లన్ గాబ్రియెల్‌ను మూడో రౌండ్‌లో తీసుకున్నది కూడా క్లీవ్‌లాండే.

పుకారు తప్పడం కొత్త కాదు, నేరమూ కాదు. 2021 మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు మూడు మొదటి రౌండ్ అవకాశాలనూ, వాటి మీద ఇంకొకదాన్నీ మయామీకి ఇచ్చి మూడో స్థానం కొనుక్కున్నప్పుడు, అది మాక్ జోన్స్ అనే క్వార్టర్‌బ్యాక్ కోసమేనని నెలరోజులపాటు వినవచ్చింది. తీసుకున్నది మరో క్వార్టర్‌బ్యాక్ ట్రే లాన్స్‌ను. జోన్స్ 15వ స్థానం వరకు ఆగవలసి వచ్చింది. 2023లో విల్ లెవిస్ అనే క్వార్టర్‌బ్యాక్ మొదటి ఎంపిక కాబోతున్నాడని రెడిట్ అనే ఆన్‌లైన్ చర్చావేదికలో ఎవరో పేరు లేకుండా రాసిన మాటకు పందేల ధరలే మారిపోయాయి. ఆ కుర్రవాడు మొదటి రాత్రి అంతా కెమెరాల ముందు కూర్చుని, మరునాడు 33వ ఆటగాడిగా టెనెసీకి వెళ్లాడు. ఇందుకు తలకిందులుగా, 2024లో అట్లాంటా జట్టు కర్క్ కజిన్స్ అనే క్వార్టర్‌బ్యాక్‌తో 18 కోట్ల డాలర్ల వరకు వెళ్లే ఒప్పందం రాసుకున్న నెలన్నరకే, ఎనిమిదో స్థానంలో మైకేల్ పెనిక్స్ అనే మరో క్వార్టర్‌బ్యాక్‌ను తీసుకుని అందరినీ నివ్వెరపరిచింది. నిజమైన ఆసక్తి చప్పుడు చేయకుండా వచ్చిన సందర్భం అది.

కాబట్టి నా అభ్యంతరం కబురు తప్పినందుకు కాదు. తప్పిన తరవాత సేవ దాన్ని ఎలా చూసుకుంటున్నదన్నదే నా బాధ. డ్రాఫ్ట్ ముగిశాక పాత కబుర్లు వెతికి చూడబోతే అవి వరుసలో అడుగుకు జారిపోయి ఉన్నాయి, ఏది నిలిచింది, ఏది తప్పింది అన్న లెక్క ఎక్కడా లేదు. కొలతల విషయంలో అంగుళంలో ఎనిమిదో వంతు కూడా వదలని సంస్థ, తన మాటల విషయంలో అంత ఉదారంగా ఉండటం సబబు కాదు. ఏ విలేకరి ఏ జట్టు గురించి చెప్పినది ఎన్నిసార్లు నిజమైందో కబురు పక్కనే చూపిస్తే చాలు, చందాదారుకు అంతకన్నా ఉపయోగపడే పట్టిక మరొకటి ఉండదు.

మరొక లోపం జట్ల కార్యాలయాలకు ఆటగాళ్లు వెళ్లే సందర్శనల గురించినది. ప్రతి జట్టూ డ్రాఫ్ట్‌కు ముందు 30 మందిని తన ఊరికి పిలిపించుకోవచ్చు. ఈ సేవ అలాంటి ప్రతి సందర్శననూ ‘ఆసక్తి’ అన్న శీర్షిక కిందనే పెడుతుంది. వైద్య పరీక్ష కోసం పిలిచినా అదే, ఏదో ఒక సందేహం తీర్చుకోవడానికి పిలిచినా అదే, రాబోయే నాలుగేళ్లలో ప్రత్యర్థిగా ఎదురుపడే కుర్రవాడి తీరు తెలుసుకోవడానికి పిలిచినా అదే. సందర్శన జరిగిందన్నది వార్త. దానికి ఆసక్తి అన్న పేరు పెట్టడం సంస్థ సొంత ఊహ. రెండిటినీ ఒకే రంగులో చూపించడం చదువరిని తప్పుదారి పట్టించడమే. మా మేనల్లుడు మొదట్లోనే ‘మావయ్యా, పిలిచారా లేదా అని చూడకు, వాళ్ల దగ్గర ఎన్ని పిక్‌లు (ఎంపిక అవకాశాలు) ఉన్నాయో, ఎవరికి ఎంత జీతం ఇస్తున్నారో అది చూడు’ అన్నాడు. ఆ మాట ఈ సేవ తన మొదటి పుటలో అచ్చువేసుకోదగినది.

డ్రాఫ్ట్ రోజు ప్రత్యక్ష సేవ ఫరవాలేదు. అక్కడ గురువారం రాత్రి ఎనిమిదింటికి మొదలయ్యేది మనకు శుక్రవారం ఉదయం అయిదున్నర. ఏప్రిల్ చివరలో మా డెల్టాలో సరిగ్గా పొద్దుపొడిచే వేళ, దాళ్వా కోతలకు మనుషులు చేలకు కదిలే వేళ. రెండో రోజు తెల్లవారి నాలుగున్నరకు, మూడో రోజు రాత్రి తొమ్మిదిన్నరకు మొదలవుతుంది. ఎంపిక వివరం, వెనువెంటనే ఆటగాడి పుట, జట్టు జీతాల పట్టికలో మార్పు, అన్నీ క్షణాల్లో కనిపించాయి. ఒక్క ఇబ్బంది ఉన్నది: వీడియో చూస్తున్నవారికి తెరపై లీగ్ కమిషనర్ పేరు చదవడానికి వేదిక ఎక్కక ముందే ఫోను గణగణమని పేరు చెప్పేస్తుంది. సూచనల అమరికలో ‘ఎంపికలు’ అన్నదాన్ని ఆపివేస్తే ఆ బాధ తప్పుతుంది.

చెల్లింపు సులభమే. బ్యాంకు కార్డులో విదేశీ చెల్లింపులకు అనుమతి తెరిచి ఉంచాలి, అంతే. పందేల ధరల విభాగం మాత్రం మనకు దండగ. ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ పందేలు 2020 నుంచే నిషిద్ధం, 2025లో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ విభాగాన్ని భారతీయ చందాదారులకు చూపకుండా ఉండటం సంస్థకు కష్టమైన పని కాదు. చదువుకొనే పిల్లల చేతిలోనూ ఇదే ఫోను ఉంటుందని వారు గుర్తించాలి.

ఏడాది చందా అక్కరలేదు. కంబైన్ కొలతలన్నీ పుటల్లోకి ఎక్కిన మార్చి మధ్యలో నెలవారీ చందా మొదలుపెట్టి, డ్రాఫ్ట్ ముగిసిన వారంలో రద్దు చేసుకుంటే సరిపోతుంది. తెరవగానే ‘కబుర్లు’ విభాగపు సూచనలు ఆపివేయండి. మీకు నచ్చిన జట్టు జీతాల పట్టిక ఒకటి, ఆ జట్టు పిక్‌ల వరుస ఒకటి, నలుగురైదుగురు క్వార్టర్‌బ్యాక్‌ల పుటలు కొన్ని దాచుకోండి. కబుర్లకు చెప్పినవారి పక్షం ఏమిటో గుర్తు వేయమని, తప్పొప్పుల లెక్క పెట్టమని నేను సంస్థకు రాశాను. మీరు చందా కడితే మీరూ రాయండి.