కిటికీ లేని గది, అరుగు ఉన్న ఇల్లు

విజయవాడలో మేము దిగిన లాడ్జి గదికి కిటికీ లేదు. ఫోనులో చూపిన బొమ్మలో గోడ నిండా తెల్లటి పరదా ఉంది. గదిలోకి వెళ్లి ఆ పరదా పక్కకు లాగితే వెనక వట్టి గోడ! రోజుకు 1,800 రూపాయలు ముందే కట్టించుకున్నారు. కౌంటరు దగ్గర అడిగితే, "ఏసీ ఉంది కదా మేడం, కిటికీతో పనేముంది?" అన్నాడు. ఖాళీ చేస్తే డబ్బు తిరిగి రాదన్నాడు. అర్ధరాత్రి దాటాక అమ్మ మూడుసార్లు లేచి, తెల్లవారిందా అని అడిగింది. ఆ గదిలో రాత్రికీ పగటికీ తేడా లేదు. పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లేవారు పరదా తీసిన ఫొటో పంపమని గట్టిగా అడగండి. పంపకపోతే ఆ గది వద్దు.

ఇంద్రకీలాద్రి మీద దర్శనం ఇబ్బంది లేకుండా అయింది. గదికి వెళ్లడానికి మనసు రాక, 60 రూపాయలకు ఆటో ఎక్కి కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర దిగి, వన్‌టౌన్ సందుల్లోకి నడిచాం. అమ్మ ముఖం ఇంకా ముడుచుకునే ఉంది.

ఒక సందు మలుపులో పాత పెంకుటిల్లు కనిపించింది. వీధివైపు నల్లరాతి అరుగు, కూర్చుని కూర్చుని అద్దంలా నునుపుదేరింది. చూరు సరిగ్గా అరుగు అంచుదాకా దిగింది కాబట్టి ఎండ రోడ్డు మీదే ఆగిపోయింది. ద్వారబంధం పైన అర్ధచంద్రాకారంలో ఇనుప ఊచల గవాక్షం. లోపల వేడెక్కిన గాలి పైకి లేచి అటునుంచి పోతుంది. వీధి గుమ్మంలోంచి చూస్తే నడవా, వంటగది దాటి పెరట్లో తులసికోట దాకా తలుపులన్నీ ఒకే వరుసలో ఉన్నాయి. బయట అంత ఎండలోనూ ఆ గుమ్మంలోంచి చల్లటి గాలి వచ్చి మా కాళ్లను తాకింది.

"పిన్నిగారూ, ఎండలో నిలబడ్డారేం? ఇలా కూర్చోండి" అంటూ ఆ ఇంటావిడ మజ్జిగ తెచ్చింది. అమ్మ కాళ్లు ముడుచుకుని, గోడకు వీపు ఆనించి అరగంట కూర్చుంది. ఎదురింటి మెట్లకున్న సిమెంటు జాలీలోంచి ఎండ పడి, గచ్చు మీద పువ్వుల ముగ్గు వేసినట్టు కనిపిస్తోంది. మేము లేచేసరికి ఆ ముగ్గు ఒక మెట్టు కిందికి జరిగింది.

ఆ ఇంటిని ఎవరు కట్టారో గానీ, దారిన పోయేవారికి కూడా రెండడుగుల చోటు వదిలారు. డబ్బు తీసుకుని మాకు గోడను చూపించినవాళ్లకు ఆ పాటి ఆలోచన లేకపోయింది.

సాయంత్రం ప్రకాశం బ్యారేజీ చూశాం. 1957లో పూర్తయిన ఆ కట్టడానికి 70 గేట్లు. నీటి మీద వాటి నీడల వరుస బాగుంది. అమ్మ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. చిట్టినగర్ వైపు కొండమీద ఇళ్లను చూసి మాత్రం, కింది ఇంటి డాబా పై ఇంటికి వాకిలిలా ఉందే అని ఆగిపోయింది.

రైలెక్కగానే, "ఆ అరుగు వెడల్పెంత ఉంటుందే?" అని అడిగింది. మూడు జానలన్నాను, చేత్తో కొలిచి వచ్చాను కదా. మా ఇంటి ముందు అంత జాగా ఎక్కడ దొరుకుతుందో ఏలూరు దాకా లెక్కలు వేస్తూనే ఉంది.