మారతహళ్లిలో మా మేడ మీద సోలార్: అమర్చిన సంస్థ సేవపై సమీక్ష

బెంగళూరు మారతహళ్లిలోని మా ఇంటి మేడ మీద 3 కిలోవాట్ల సోలార్‌ను ఒక స్థానిక సంస్థ అమర్చింది. పనితనానికి మంచి మార్కులే వేస్తాను గాని, అమ్మకానికి వచ్చినవారి మాటతీరుకు అన్ని వేయలేను.

సర్వేకు వచ్చిన ఇంజనీరు నీళ్ల ట్యాంకు నీడ, పక్కింటి కొబ్బరిచెట్టు నీడ ఏ వేళకు ఎంతవరకు సాగుతాయో గమనించి, ఒక్క ప్యానెల్ మీద నీడ పడినా వరుస మొత్తానికి ఉత్పత్తి తగ్గవచ్చని వివరించి, స్టాండు ఎత్తు పెంచి, ప్యానెళ్లను దక్షిణానికి వాల్చి బిగింపించారు. కిలోవాటుకు సుమారు 100 చదరపు అడుగుల చోటు పడుతుంది. ఎత్తు పెంచినందువల్ల కింద తిరగడానికి వీలు చిక్కింది గాని, వడియాలకు ఎండ తూర్పు మూలనే మిగిలిందని మా ఇంటావిడ ఫిర్యాదు.

ఇంటి మేడల మీద సోలార్‌కు 2024లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పీఎం సూర్యఘర్ పథకం కింద తొలి రెండు కిలోవాట్లకు 30,000 చొప్పున, మూడోదానికి 18,000, వెరసి 78,000 రూపాయల రాయితీ ఉంది. పోర్టల్‌లో దరఖాస్తు, బెంగళూరు కరెంటు సంస్థ బెస్కాం అనుమతి, ఇంట్లో మిగిలి లైనుకు వెళ్లే కరెంటును కూడా లెక్కించే నెట్ మీటరు పనులన్నీ సంస్థే చూసుకుంది. అయితే ఈ రాయితీ మీటరు బిగించి, తనిఖీ ముగిసిన తరువాతే యజమాని ఖాతాలో పడుతుంది. అటువంటప్పుడు కొటేషన్‌లో రాయితీ పోను మిగిలే ధరను పెద్ద అక్షరాలతో, ముందుగా మనం చెల్లించవలసిన పూర్తి ధరను అడుగున చిన్న అక్షరాలతో వేయడం సబబు కాదు.

అంతకన్నా అభ్యంతరకరమైనది, ఇకపై కరెంటు పోయినా దిగులుండదని అమ్మకానికి వచ్చిన ప్రతినిధి చెప్పిన మాట. బ్యాటరీ లేకుండా కరెంటు లైనుకే కలిపే ఆన్‌గ్రిడ్ వ్యవస్థలో సరఫరా ఆగితే, లైను మీద పనిచేసేవారికి షాక్ తగలకుండా, ప్యానెళ్ల కరెంటును ఇంటి వాడకానికి మార్చే ఇన్వర్టర్ కూడా తనంతట తాను ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నమైనా ఇంట్లో ఫ్యాను తిరగదు. బ్యాటరీతో కూడా పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టరు, బ్యాటరీ కావాలంటే ఖర్చు వేరు. నిలదీసి అడిగాక ఇంజనీరే ఈ సంగతి ఒప్పుకున్నారు.

ఇళ్లకు ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకం ప్రస్తావన కూడా ఆ ప్రతినిధి తేలేదు. నెలకు 200 యూనిట్ల పరిమితికి లోబడి, వెనుకటి సగటు వాడకం మీద 10 శాతం కలిపి కర్ణాటక ప్రభుత్వం కరెంటు ఉచితంగా ఇస్తున్నప్పుడు, బిల్లే రాని కుటుంబానికి ఈ పెట్టుబడి ఎన్నేళ్లకు తిరిగివస్తుంది? అమ్మేముందు కొనేవారి లెక్క చూసినవారూ ఉన్నారు: 1995లో ఇదే నగరంలో పుట్టిన సోలార్ సంస్థ సెల్కో, కరెంటు సరిగా అందని పల్లె ఇళ్లకు సోలార్ దీపాలను అమ్మినప్పుడు, కొనేవారి రాబడి ఎప్పుడు ఎలా వస్తుందో చూసి, అందుకు తగిన వాయిదాలతో బ్యాంకు రుణాలు కుదిర్చింది. అక్కడ కిరోసిన్ ఖర్చు తగ్గింది కనుక లాభం కళ్లకు కనిపించింది. ఏసీ, గీజరు, మోటారు వాడుతూ పరిమితి దాటే మా వంటి ఇళ్లకు ఇక్కడ కూడా లెక్క కుదురుతుంది. చిన్న కుటుంబాలకు కుదరకపోవచ్చు.

అయిదేళ్ల నిర్వహణ ఒప్పందంలో ప్యానెళ్లు కడిగే పనిని చేర్చలేదు. ఔటర్ రింగ్ రోడ్డు దుమ్ముకు ఆ పని తప్పదు కనుక, మేడ మీదికి నీటి పైపు ముందే వేయించుకోవడం మంచిది. బిగింపుకు అయిదింట నాలుగు, అమ్మకానికి రెండు.