భవానీ ద్వీపానికి నడక వంతెన: తీగలదా, ఉక్కు ట్రస్‌దా?

విజయవాడలో పున్నమి ఘాట్ నుంచి కృష్ణా నది నడుమనున్న భవానీ ద్వీపానికి వెళ్లాలంటే పడవ ఎక్కాలి. అక్కడికి నడక వంతెన కడితే ఎలా ఉండాలని అడిగితే చాలామంది తీగల మీద వేలాడే వంతెననే కోరుకుంటారు. అది అందంగా ఉంటుంది, కాదనను. అయినా కృష్ణ మీద, మన జనసందోహానికి ఉక్కు ట్రస్ వంతెనే, అంటే ఉక్కు కడ్డీలను త్రిభుజాలుగా కలిపి కట్టేదే, మేలని నా గట్టి నమ్మకం.

తీగల వంతెనకున్న పెద్ద సుగుణం నదిలో స్తంభాలు తక్కువగా ఉండటం. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, కొట్టుకొచ్చిన పడవలు గుద్దుకుని గేట్లను ఎత్తడానికి తోడ్పడే బరువు దిమ్మెలు (కౌంటర్ వెయిట్లు) దెబ్బతిన్నాయి. నది నడుమ నిలబెట్టే ప్రతి స్తంభమూ అలాంటి దెబ్బకు తట్టుకోవాలి.

చిక్కల్లా ఊపుతోనే. మనిషి సెకనుకు దాదాపు రెండడుగులు వేస్తాడు. ఎడమ కాలు ఒక పక్కకు, కుడి కాలు మరో పక్కకు వంతెనను కాస్త నెడతాయి. అంటే అడ్డంగా సెకనుకు ఒక ఊపు. వంతెన తనంతట తాను ఊగే తీరు దానికి దగ్గరగా ఉంటే కదలిక మొదలవుతుంది. తూలిపోకుండా జనం కాళ్లు ఎడం చేసి, ఆ ఊపుకు తగ్గట్టే అడుగులు వేస్తారు. దాంతో ఊపు ఇంకా పెరుగుతుంది. లండన్ మిలీనియం వంతెనకు 2000 జూన్‌లో జరిగింది ఇదే. తెరిచిన రెండు రోజులకే మూసి, ఊపును అణిచే డ్యాంపర్లు బిగించి, 2002లో మళ్లీ తెరిచారు.

డ్యాంపర్లు మనమూ పెట్టుకోవచ్చు. నా భయం నిర్వహణ గురించి. 2022 అక్టోబరు 30న గుజరాత్‌లోని మోర్బీలో వేలాడే వంతెన తెగి 135 మంది ప్రాణాలు పోయాయి. ప్రధాన కేబుల్‌లోని 49 తీగల్లో 22 అప్పటికే తుప్పు పట్టాయని దర్యాప్తులో తేలింది. కేబుల్ లోపలి తుప్పు పైకి కనబడదు. ట్రస్‌లో బోల్టు వదులైనా, రంగు పెచ్చులూడినా కంటికి కనిపిస్తుంది.

బరువు సంగతీ చూడాలి. జనం గుమికూడే చోట చదరపు మీటరుకు 500 కిలోలు లెక్కలోకి తీసుకోవాలి. నాలుగు మీటర్ల వెడల్పు, 80 మీటర్ల పొడవున్న ఒక్క స్పాన్ (రెండు స్తంభాల నడుమ భాగం) మీదే 160 టన్నులు! దసరాకు, 2028 పుష్కరాలకు అంత జనం రావడం వింతేమీ కాదు. త్రిభుజాలుగా అల్లిన ట్రస్ ఆ బరువును పెద్దగా ఊగకుండా మోస్తుంది. కాంక్రీటు దూలాలూ మోస్తాయి గానీ, వాటి సొంత బరువే ఎక్కువ. స్పాన్లు చిన్నవై, నదిలో స్తంభాలు పెరుగుతాయి.

ట్రస్‌కూ కొన్ని స్తంభాలు తప్పవు. ఇసుకలో కోతకు అందనంత లోతుకు బావి ఆకారపు పునాదులు దించాలి. ఎగువ వైపు స్తంభాన్ని కోసుగా మలచాలి. దూలాల అడుగు 2024 వరద మట్టానికి పైనే ఉండాలి. ఎత్తు పెరిగితే ర్యాంపూ పెరుగుతుంది. చక్రాల కుర్చీ ఎక్కాలంటే ఒక మీటరు ఎత్తుకు 12 మీటర్ల ర్యాంపు కావాలి. ఒడ్డున ఆ స్థలాన్ని డిజైన్ మొదలుపెట్టక ముందే కేటాయించుకోవాలి.